లాక్‌డౌన్‌లో మేం సంతోషంగానే ఉన్నాం, అయితే...

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. రాస్తున్నది ఒకరమే అయినా మాట మాత్రం మా ముగ్గురిది.

మొన్న హాస్టల్లో రాత్రి అన్నం తిన్నాక లాక్‌డౌన్ మాట వచ్చింది. "మీకేంరా, అడవిలో ఉంటిరి. తేనె, పండ్లు తింటా హాయిగా గడిపేసినారు" అన్నాడు పక్క రూము మిత్రుడు. అందరం నవ్వినాం. కానీ ఆ మాట మనసులో ఉండిపోయింది. వాడు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు గానీ, సగమే ఉంది.

మేం వెలుగోడు వైపు నల్లమల అంచున పెరిగిన చెంచు పిల్లలం. 2020 మార్చిలో పదో తరగతి పరీక్షలు వాయిదా పడినాయి. రెండు వారాల్లో మళ్లీ వస్తాం కదా అని పెట్టెలు, దుప్పట్లు ఆశ్రమ పాఠశాలలోనే వదిలేసి ఇంటికి పోయినాం. మార్చి 25 నుంచి దేశమంతా బంద్.

ఒకటో తరగతి నుంచీ మాకు హాస్టలే. ఎండాకాలం సెలవులిచ్చేది ఏప్రిల్ ఆఖర్లో. మేం ఇల్లు చేరేసరికి ఇప్పపువ్వు రాలడం అయిపోయేది. చెంచు ఇంట్లో పుట్టి, పదిహేనేళ్లు వచ్చినా చెట్టు కింద ఇప్పపువ్వు ఏరి ఎరగం. ఆ ఏడాదే మొదటిసారి తెల్లారకముందే లేచి అవ్వ వెంట పోయినాం. తర్వాత తునికి పండ్లు, మొర్రి పండ్లు. మధ్యాహ్నం బండ మీద బొగ్గుతో గీసి తాతతో పులిజూదం. ఓడిన ప్రతిసారీ "పది చదివితివి, నాలుగు మేకల్ని కాపాడుకోలేకపోతివి గదరా" అని నవ్వేవాడు.

తేనెకు పోవడం కూడా అప్పుడే దగ్గరగా చూసినాం. కొండ అంచున దిగేవానికి పైన తాడు పట్టేది బామ్మర్దే. అక్క కాపురం ఆ తాడుకే వేలాడుతుంది కాబట్టి వాడు వదలడని మనవాళ్ల నమ్మకం. తేనెపట్టు మొత్తం కోయరు, ఈగలకు కొంత వదులుతారు. ఇవి ఏ పుస్తకంలోనూ మాకు పాఠంగా రాలేదు.

ఇంక రెండో సగం. సంతలు ఆగిపోయినాయి. చింతపండు, తేనె ఇంట్లోనే ఉండిపోయినాయి, కొనడానికి ఎవరూ రాలేదు. ఉప్పుకు, నూనెకు చేతిలో డబ్బుల్లేవు. ఏప్రిల్ నుంచి కార్డు మీద మనిషికి 5 కిలోల ఉచిత బియ్యం వచ్చినాయి. కార్డు లేనోళ్లకు పక్కింటోళ్లే కొలిచి పోసినారు. సప్తగిరి ఛానెల్లో పదో తరగతి పాఠాలు వేసినారు గానీ గూడెంలో టీవీ ఉండేది ఒక్క ఇంట్లోనే. వెలుగోడు రిజర్వాయరు నుంచి తెలుగుగంగ నీళ్లు చెన్నై దాకా పోతాయి. మేం మాత్రం అదే కట్ట మీద ఒక్క గీత సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి నిలబడినాం.

జూన్ 20న పరీక్షలు రద్దు, అందరూ పాస్ అన్నారు. ఎగిరి గంతేసినాం. ఆ గంతుకు ఎంత ఖర్చయిందో నవంబరులో కాలేజీలు తెరిచినాక తెలిసింది. మా గూడెంలో పది పాసైంది ఏడుగురం. ఇంటర్లో చేరింది ముగ్గురం. ఒక చెల్లెలికి పెళ్లయిపోయింది. ఇద్దరు మిరప కోతలకు గుంటూరు వైపు పోయినారు. మా అందరికంటే లెక్కలు బాగా చేసేవాడు ఇప్పుడు మేకలు కాస్తాండు.

ఎనిమిది నెలలు బడి లేకున్నా గడిచింది కదా, ఇంక చదువెందుకు అని మన పెద్దలే కొందరు అన్నారు. మాకు భయం వేసింది ఆ మాటకే. బయటోళ్లు "అడవిలో హాయిగా ఉన్నారు" అన్నా, మనోళ్లు "చదువు లేకున్నా బతికినాం" అన్నా, చివరికి నష్టపోయేది పిల్లలే.

మా అభిప్రాయం ఇది. ఆ సంతోషం నిజం. అది అవ్వాతాతల దగ్గర ఉండటం వల్ల వచ్చింది, బడి మూయడం వల్ల కాదు. బడి కావాలంటే అడవిని మరిచిపోవాలి, అడవి కావాలంటే బడి మానాలి అనే లెక్క ఎవరు పెట్టినారు? ఇప్పపువ్వు కాలంలో ఆశ్రమ పాఠశాలలకు ఒక వారం సెలవిచ్చి, ఆ వారం ఎండాకాలం సెలవుల్లో తగ్గించుకుంటే ఏం పోతుంది? దీన్ని మనం అడగాలి.

అడిగేలోపు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. 2020 బ్యాచ్‌లో ఆగిపోయినోళ్లు మన ప్రతి గూడెంలో ఉన్నారు. వాళ్లంతా పది పాసైనోళ్లే. కొందరి మెమోలు ఇప్పటికీ బళ్లలోనే పడి ఉన్నాయి. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టొచ్చని చాలామందికి తెలీదు. ఈసారి సెలవులకు పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్కరిని వెతుకుదాం. మెమో తీసుకోవడానికి తోడు పోదాం, ఫారం నింపుదాం, ఫీజుకు తలా కొంత వేసుకుందాం.

మేం ముగ్గురం మా లెక్కల మిత్రుడితో మొదలుపెడుతున్నాం. వాడు ఇంకా ఒప్పుకోలేదు. "మేకల్ని ఎవరు కాస్తారు" అంటాండు. మీ గూడెంలో ఇట్లాంటోళ్లను ఎట్లా ఒప్పించినారో కింద రాయండి, మాకు పనికొస్తుంది.