మర్యాద క్లాసులో కుర్చీలేసినోళ్లకి కుర్చీ ఏది?

ఆ మధ్య ఒక యూనివర్సిటీలో మీటింగు పెట్టారు. దాని పేరు రాయడం లేదు. ఇది ఒక్కచోటి సంగతి కాదు కాబట్టి పేరుతో పనిలేదు. గోడకి బ్యానరు కట్టారు. 'వైవిధ్యం, అందరికీ చోటు, పనిచేసే చోట పరస్పర గౌరవం' అని పెద్ద పెద్ద అక్షరాలు. సిబ్బంది అంతా తప్పక రావాలని సర్క్యులర్ తీశారు. ఒకాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ రెండు గంటలు ఇంగ్లీషులో చెప్పాడు. తోటివారిని గౌరవించాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు, తేడాలే మన బలం అన్నాడు. చప్పట్లు కొట్టారు. టీ, సమోసా అయ్యాయి. సంతకాలు పెట్టించుకుని తలా ఒక సర్టిఫికెట్ ఇచ్చారు.

నేను వెనక వరసలో కూర్చున్నా. నా చూపంతా తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మీదే ఉంది. నాకు పెద్దమ్మ వరస అవుతుంది. పొద్దున్నే ఆ హాలు ఊడ్చింది ఆమే. ఇంకో ముగ్గురు కాంట్రాక్టు పనోళ్లతో కలిసి కుర్చీలేసిందీ ఆమే. నలుగురూ మన పల్లెలోళ్లే. ఆ రెండు గంటలూ వాళ్లు తలుపవతల నిలబడే ఉన్నారు. సిబ్బంది లిస్టులో వాళ్లు లేరంట. కాంట్రాక్టరు మనుషులంట. గౌరవం గురించి చెప్పే హాల్లోకి వాళ్లకి చీపురుతో ప్రవేశం ఉంది, చీపురు లేకుండా లేదు.

టీ దగ్గర ఇంకోటి చూశా. సార్లకీ మేడాలకీ పింగాణీ కప్పులు, ఈ నలుగురికీ పేపరు కప్పులు. ఎవరూ తిట్టలేదు, ఎవరూ తరమలేదు, అంతా మర్యాదగానే జరిగిపోయింది. రెండు గ్లాసుల పద్ధతి పోయిందని ఎవరన్నారు? ఊళ్లో టీ బంకు చూరులో దోపి ఉంచిన గ్లాసే యూనివర్సిటీకొచ్చి పేపరు కప్పు అయింది.

మీటింగు అయ్యాక ఒక కుర్ర గుమస్తా, పాతికేళ్లుంటాయేమో, ఆ సర్టిఫికెట్ చేత్తో పట్టుకునే యాభై ఐదేళ్ల మా పెద్దమ్మని పిలిచాడు. "ఏమే, ఈ కుర్చీలు తీసెయ్యి" అన్నాడు. ఆమె తీసేసింది.

అన్నలారా, అక్కలారా! ఆ కుర్రాడు క్లాసు వినలేదని నేను అనను. శ్రద్ధగానే విన్నాడు, రాసుకున్నాడు కూడా. కాని అతను విన్నది ఇంగ్లీషులో. ఇంగ్లీషులో పెద్దకీ చిన్నకీ ఒకటే 'యూ'. మన కులాల కథ అంతా తెలుగులో ఉంది. 'ఒరే, ఏరా, ఏమే, నువ్వు, మీరు, గారు'. ఎవరిని ఏమని పిలవాలో పుట్టగానే ఊరు నేర్పుతుంది. తెల్లజుట్టు వచ్చిన మన తాతని దొరగారి పదేళ్ల పిల్లోడు 'ఒరే' అంటాడు. ఆ పిల్లోణ్ణి మన తాత 'బాబుగారూ' అంటాడు. అసలైన మర్యాద క్లాసంటే అదే. వెయ్యేళ్లుగా రోజూ జరుగుతున్న క్లాసు. దాన్ని రెండు గంటల ఇంగ్లీషు బొమ్మలు చెరిపేస్తాయా?

బాబాసాహెబ్‌కి ఏ మర్యాద తక్కువైంది?

పనిచేసే చోట గౌరవం అనే మాట ఎత్తితే మనం మొట్టమొదట తలుచుకోవాల్సింది బాబాసాహెబ్‌నే. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో చదివి, లండన్ పోయి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికొచ్చాడు. ఆఫీసులో ఆయన కిందోళ్లే ఆయన బల్ల మీదికి కాగితాలు దూరం నుంచి విసిరేశారు. ఉండడానికి ఇల్లు దొరకలేదు. దిగిన పార్శీల సత్రం నుంచీ కర్రలు పట్టుకొచ్చి వెళ్లగొట్టారు. 1918లో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో ప్రొఫెసరయ్యాడు. అక్కడ ప్రొఫెసర్ల కోసం పెట్టిన కుండలో ఆయన నీళ్లు తాగడానికి వీల్లేదని తోటి ప్రొఫెసర్లు కొందరు అభ్యంతరం పెట్టారు.

ఆ ప్రొఫెసర్లకి చదువు తక్కువా? మర్యాద తెలీదా? తెలుసు. తమలో తాము ఎంతో మర్యాదస్తులు. కుండ దగ్గరకొచ్చేసరికే కులం గుర్తొచ్చింది. తెలీక చేసే తప్పుకి క్లాసు మందు కావచ్చు. తెలిసి, తమ పెత్తనం నిలుపుకోడానికి చేసే తప్పుకి క్లాసు చాలదు.

మన దగ్గరా అంతే. 1985లో కారంచేడులో మంచినీళ్ల చెరువుని మురికి చెయ్యొద్దన్న మాటకి జులై 17న ఆరుగురిని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. ఆ గొడవ ఒక సినిమా హాల్లో చదువుకున్న మన కుర్రాడి కాలు తగిలిందన్న దగ్గర మొదలైంది. కుండ, చెరువు, సినిమా హాల్లో కుర్చీ. చూడండి, అన్నీ చిన్న చిన్న సంగతులే. ఆ చిన్న సంగతుల్లోనే మన మనిషితనాన్ని ఒప్పుకుంటారా లేదా అన్నది తేలుతుంది. కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో మనోళ్లు ఎవరి మర్యాదా అడుక్కోలేదు. కేసులు పెట్టమన్నారు, శిక్ష వెయ్యమన్నారు. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది ఇలాంటి పోరాటాల ఒత్తిడితోనే.

వాడ దాటినా వెలివాడే

పల్లె దాటి యూనివర్సిటీకి పోతే కులం వదులుతుందని మన తల్లిదండ్రులు పుస్తెలు తాకట్టు పెట్టి పిల్లల్ని పంపుతున్నారు. అక్కడ మొదటి రోజే రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. 'ఇంటిపేరేంటి? ర్యాంకెంత?' పేరు అడగడం తప్పు కాదు, ర్యాంకు అడగడం నేరం కాదు. కాని ఆ రెండు ప్రశ్నలతో అవతలోడు ఏం కొలుస్తున్నాడో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు.

ఢిల్లీలోని ఎయిమ్స్‌లో ఏం జరుగుతోందో చూడమని కేంద్రం 2006లో థోరట్ కమిటీ వేసింది. దేశానికి డాక్టర్లని తయారుచేసే ఆ పెద్ద సంస్థ హాస్టల్లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు వేధింపులకి తట్టుకోలేక వేరే అంతస్తులకి చేరి బతుకుతున్నారని 2007లో ఆ కమిటీ రాసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో 2008లో సెంథిల్ కుమార్ చనిపోయాడు. తమిళనాడు సేలం వైపు నుంచి ఫిజిక్స్‌లో పరిశోధనకి వచ్చిన దళిత బిడ్డ. అతనికి గైడునే ఇవ్వలేదు. అదే యూనివర్సిటీలో రోహిత్ వేములతో కలిపి అయిదుగురిని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. గుడారం వేసుకుని దానికి వాళ్లే 'వెలివాడ' అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ ప్రాణం తీసుకున్నాడు. 2019 మే నెలలో ముంబయిలో పై చదువు చదువుతున్న ఆదివాసీ డాక్టరు పాయల్ తడ్వీ ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారన్నది కేసు.

ఈ బిడ్డలకి దొరకనిది మర్యాద మాటలు కాదు. గైడు దొరకలేదు, గది దొరకలేదు, ఆగిన స్కాలర్‌షిప్ డబ్బు దొరకలేదు, ఫిర్యాదు చేస్తే వినే చెవి దొరకలేదు.

రూల్సు ఉన్నాయి, మరి?

ఉన్నాయి. 2012లోనే యూజీసీ రూల్సు పెట్టింది. ప్రతి యూనివర్సిటీలో, కాలేజీలో సమాన అవకాశాల సెల్ ఉండాలి, వివక్ష మీద ఫిర్యాదులు తీసుకునే అధికారి ఉండాలి అంది. మీ బిడ్డ చదివే కాలేజీలో ఆ అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటాడో మీ బిడ్డకి తెలుసా? ఒకసారి అడిగి చూడండి.

ఆ రూల్సు కాగితం మీదే ఉన్నాయని రోహిత్ తల్లి రాధికమ్మ, పాయల్ తల్లి ఆబిదమ్మ 2019లో సుప్రీంకోర్టుకి పోయారు. బిడ్డల్ని పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు మిగతా తల్లుల బిడ్డల కోసం కోర్టు మెట్లెక్కారు. ఆ కేసు నడుస్తుండగా యూజీసీ 2026 జనవరి 13న కొత్త రూల్సు తెచ్చింది. కమిటీలు, హెల్ప్‌లైన్, పాటించని సంస్థల మీద చర్య అంది. ఓబీసీలనూ చేర్చింది. వెంటనే అగ్రకులాల నుంచి ఆందోళన లేచింది. మమ్మల్ని ముందే దోషుల్ని చేస్తున్నారన్నారు. ఆ రూల్సు అస్పష్టంగా ఉన్నాయి, దుర్వినియోగం కావచ్చంటూ సుప్రీంకోర్టు జనవరి 29న వాటిని ఆపి, అప్పటికి 2012 రూల్సే నడవాలంది. ఆరేళ్లకు పైగా నడిచిన తల్లుల పోరాటం మీద వచ్చిన రూల్సు రెండు వారాలు దాటగానే ఆగిపోయాయి.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఉంది. క్లాసు పెడితే చప్పట్లు కొట్టిన చేతులే, జవాబుదారీ అడిగే రూల్సు రాగానే పిడికిళ్లయ్యాయి. ఏది ఉత్త మాటో, ఏది తమ పెత్తనానికి తగిలేదో వాళ్లకి బాగా తెలుసు. మనకే తెలియాలి.

ఆడవాళ్ల చట్టం చూడండి. 1992లో రాజస్థాన్‌లో భన్వరీ దేవి అనే కుమ్మరి కులపు ఆడమనిషి ప్రభుత్వ పనిలో భాగంగా బాల్యవివాహం ఆపబోయింది. పెద్దకులాల మగాళ్లు ఆమె మీద అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు వాళ్లని వదిలేసింది. కాని ఆ అన్యాయం మీద ఆడవాళ్లు లేచి నిలబడితేనే 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. ఆ చట్టంలోనూ క్లాసులు పెట్టాలని ఉంది. కాని క్లాసుతోపాటు కమిటీ ఉంది, తొంభై రోజుల్లో విచారణ ముగించాలన్న గడువు ఉంది. కాంట్రాక్టరు ద్వారా వచ్చిన పనిమనిషి కూడా ఉద్యోగి కిందే లెక్క అని రాసి ఉంది. అదీ తేడా. పెద్ద ఆఫీసుల్లో మేడాలకి ఈ రోజు ఉన్న రక్షణ ఒక పల్లెటూరి కుమ్మరి ఆడమనిషి కార్చిన కన్నీళ్ల మీద నిలబడింది.

అమెరికా చెప్పే పాఠం

మన తెలుగోళ్లు వేలల్లో అమెరికా యూనివర్సిటీలకి పోతున్నారు. పెట్టెలో పచ్చడి జాడీతోపాటు కులాన్నీ సర్దుకుని పోతున్నారు. అక్కడి దళితులు నోరు విప్పితే 2019లో బ్రాండైస్ యూనివర్సిటీ, 2022లో, అప్పటికి ఇరవై మూడు క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ కులవివక్షని తమ నిషేధాల లిస్టులో చేర్చాయి. 2023లో సియాటిల్ నగరం చట్టమే చేసింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే, ఉన్న చట్టాలు చాలని గవర్నరు వీటో చేశాడు. ఆ బిల్లుని వ్యతిరేకిస్తూ ముందు నిలబడింది ఎవరు? అక్కడి మన దేశపోళ్లే.

2025 జనవరిలో ట్రంప్ గద్దెనెక్కగానే వైవిధ్యం పేరుతో నడిచే ప్రభుత్వ కార్యక్రమాలను ఎత్తేస్తూ ఉత్తర్వులిచ్చాడు. ఆ ఒత్తిడికి ఎన్నో యూనివర్సిటీలు అలాంటి ఆఫీసుల్ని మూసేశాయి. దయతో తెరిచిన తలుపుని తెరిచినోడే మూసేస్తాడు. మనం పోరాడి రాయించుకున్న హక్కుని తీసేయాలంటే మాత్రం వాడు మనతో పోరాడాలి.

మనం అడగాల్సింది

మరి క్లాసులే వద్దా? కావాలి. వద్దనడం లేదు. కాని ఎవరికి, ఎవరు, దాని తర్వాత ఏంటి అని అడగాలి.

మొదటి క్లాసు వైస్ ఛాన్సలర్‌కి, రిజిస్ట్రారుకి, వార్డెన్లకి, గైడులకి పెట్టాలి. ఎవరి చేతిలో అధికారముందో వాళ్లే ముందు బల్ల మీద కూర్చోవాలి. క్లాసు తెలుగులోనూ జరగాలి, 'ఒరే, ఏమే' దగ్గర మొదలవ్వాలి. ఊడ్చేవాళ్లు, మెస్సులో వండేవాళ్లు, తోటపనోళ్లు డ్యూటీ టైములో, కూలి కోత లేకుండా అందులో కూర్చోవాలి, మాట్లాడాలి.

ఫిర్యాదు ఇస్తే రసీదు ఇవ్వాలి, గడువు పెట్టాలి. కమిటీలో దళితులు, ఆదివాసీలు, ఆడవాళ్లు, కాంట్రాక్టు పనోళ్లు ఉండాలి. ఏడాదిలో ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్నిటికి శిక్ష పడిందో గోడ మీద అంటించాలి.

అన్నిటికన్నా ముఖ్యం, ఖాళీగా ఉన్న మన పోస్టులు నింపాలి. 'తగిన అభ్యర్థి దొరకలేదు' అని రాసి పోస్టుల్ని ఏళ్ల తరబడి ఖాళీగా ఉంచే యూనివర్సిటీకి వైవిధ్యం బ్యానరు కట్టే హక్కు లేదు.

సంఘాల్లో పనిచేసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఊళ్లోంచి ఒక బిడ్డ యూనివర్సిటీకి పోతుంటే చేతిలో డబ్బులతోపాటు ఒక కాగితం పెట్టండి. ఆ కాలేజీలో ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరు, ఎస్సీ కమిషన్‌కి ఎలా రాయాలి, ఆపదొస్తే మనలో ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అందులో రాయండి. జరిగింది తారీకుతో సహా రాసి పెట్టుకోమనండి. వారానికోసారి ఫోన్ చేసి 'తిన్నావా' అని అడిగేటప్పుడు 'ఎవరన్నా ఏమన్నా అన్నారా' అని కూడా అడగండి. మన బిడ్డ ఒంటరి కాదని మన బిడ్డకీ తెలియాలి, వాళ్లకీ తెలియాలి.

మా పెద్దమ్మని ఆ రోజు సాయంత్రం అడిగా, 'లోపలేం చెప్పారో విన్నావా పెద్దమ్మా' అని. "ఇంగిలీసులో ఏందో చెప్పార్రా. నవ్వుతా చెప్పాడు గాబట్టి మంచే అయ్యుంటది" అంది.

మంచే పెద్దమ్మా. కాని ఆ మంచి నీదాకా రాలేదు. అది వచ్చేది నువ్వేసిన కుర్చీలో నువ్వే కూర్చుని, నిన్ను 'ఏమే' అన్నోడి చేత 'అమ్మా, మీరు' అనిపించిన నాడు. అనకపోతే జవాబు చెప్పించిన నాడు.

జై భీం!