గాలిని గ్రుద్దు విద్య

ప్రభుత్వ పాఠశాలల బాలికలకు ఆత్మరక్షణ నేర్పుటకై సమగ్ర శిక్షా పథకమున రాణీ లక్ష్మీబాయి పేరిట మూడు మాసముల శిక్షణ యేర్పడియున్నది. ఉద్దేశము మెచ్చదగినదే. అయినను చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములందు ఈ విద్య సాగు తీరు చూచినవారికి శంక కలుగక మానదు. ఇటీవల నొక పాఠశాల వార్షికోత్సవమున నలువదిమంది బాలికలు బారులు తీరి, ఒక్క కేకతో గాలిని గ్రుద్దిరి. సభ చప్పట్లతో మారుమ్రోగెను. తోడిపిల్ల మణికట్టు పట్టినచో విడిపించుకొను విధ మెట్టిదని యడిగితిని. ఒక్కతెకును తెలియదు, నేర్పినవారు లేరట!

దుండగీడు పదియడుగుల దూరమున నిలిచి పిడికిలి చూపడు. చేవెళ్ళనుండి నగరమునకు చదువులకు పోయివచ్చు పిల్ల చీకటిపడి బస్సు దిగి నడచుచుండగా మీదబడి చేయి పట్టును, జుట్టు పట్టును, గోడకు అదుమును. అప్పుడు పిడికిలి విసరుటకు చాలిన యెడ ముండదు. దెబ్బ తగులనిదే వాని పట్టు సడలదు. పట్టు సడలించుట రానిదే దెబ్బతో ఫలము లేదు. ఈ రెండును కలిపి నేర్చుటకు ఎదుట నొక మనిషి యుండవలయును. ఆ జోడు మొదట మెల్లగ పట్టి, పిదప బిగించి, తుదకు నిజముగ నెదిరింపవలయును. మోచేతితో ప్రక్కటెముకలపై పొడిచి, వాడు చలించిన క్షణముననే మణికట్టును వాని బొటనవ్రేలి వైపునకు లాగికొని బయటపడుట చూచినంతనే రాదు, చెప్పినంతనే రాదు. నూరుమారులు పెనగిన వచ్చును.

ఇది మనకు క్రొత్త గాదు. తాలింఖానాలో జోడు లేనిదే కుస్తీ లేదు. 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అచటి మల్లుల పోరున పండ్లూడు దెబ్బలును పడద్రోతలును కలిసియుండెనని వ్రాసినాడు. కృష్ణదేవరాయలు తెల్లవారకమునుపే మల్లునితో పెనగుచుండెనట! 1929లో రవీంద్రనాథ ఠాకూరు జపానునుండి తకగాకి యను జూడో గురువును శాంతినికేతనమునకు రప్పించి బాలికలకును ఆ విద్య నేర్పించెను. ఆడుపిల్లలకు పెనగులాట తగదను పెద్దలు ఈ సంగతి తలపోయుదురు గాక.

వకీలుగ నొక మాట. 2024 జులై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షను, మానభంగమునకు పూనుకొని పైబడినవాని ప్రాణము తీయువరకును ఆత్మరక్షణ హక్కును సాగనిచ్చుచున్నది. అయినను అవసరమునకు మించి హాని చేయరాదని 37వ సెక్షను హద్దు పెట్టినది. గ్రుద్దుట మాత్రమే నేర్చినవారు భయమున కొయ్యబారుదురు, లేదా మితిమీరుదురు. పట్టెరిగినవారికే కొలత చిక్కును.

భారతమున సైరంధ్రి తన్ను పట్టిన కీచకుని త్రోసివైచి విరాటుని సభకు పరుగెత్తెను. ఆమె చేయవలసినది ఆమె చేసెను. చూచుచు కూర్చున్నది సభ. బాలికలకు విద్య నేర్పితిమని పోలీసువారును, గ్రామపెద్దలును తమ బాధ్యతను దులుపుకొనరాదు.

కావున విద్యాధికారులు వచ్చు సంవత్సరమున ప్రతి పాఠశాలకును పరుపులను, స్త్రీ శిక్షకురాలిని సమకూర్పవలయును. నొప్పి కలిగినచో రెండుమారులు తట్టవలెననియు, తట్టినంతనే జోడు విడువవలెననియు మొదటి దినముననే నేర్పవలయును. మూడవ మాసాంతమున వేదికపై కేకలు మాని, ప్రతి బాలికయు నిజముగ నెదిరించు జోడు పట్టునుండి విడిపించుకొనుటను తల్లిదండ్రుల యెదుట పరీక్షింపవలయును.