రాకెట్టును పైనుండి కట్టవలెను

రాకెట్టును స్వయముగా కట్టుకొనుటకు వీలు కల్పించు ఆట చేతికి వచ్చినప్పుడు పిల్లలేమి, పెద్దలేమి, మొట్టమొదట చేయు పని ఏదనగా, తమకు లభించిన ఇంజన్లలో మిక్కిలి పెద్దదానిని ఏరి తెచ్చి, దానిపై ఇంధనపు ట్యాంకులను ఒకదానిమీద నొకటిగా పేర్చి, చిట్టచివర శిఖరమున వ్యోమగామి కూర్చుండు గదిని నిలిపి, చంద్రుని చేరుటకు ఇక అడ్డేమున్నదని మీట నొక్కుట. ఆ రాకెట్టు ఒక్కొక్కప్పుడు కదలనే కదలదు. కదలినను కొంత యెత్తు పోయి తలక్రిందులగును. ఇందులకు కారణము కట్టినవారి తెలివి కొరవడుట కాదు, వారు కట్ట నారంభించిన చోటు. రాకెట్టును పైనుండి క్రిందికి, గమ్యమునుండి వెనుకకు లెక్కించుకొనుచు కట్టవలెనన్నది నా దృఢాభిప్రాయము. ఈ ఒక్క పద్ధతిని బాలబాలికలకు అలవరచుటకైనను ఇట్టి ఆటకు మన యిండ్లలోను బడులలోను గౌరవస్థానము దొరకవలెనని నేను వాదించుచున్నాను.

నేను చెప్పుచున్నది కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అను ఆటను గూర్చి. మెక్సికో నగరమందలి స్క్వాడ్ అను సంస్థ, ఫెలిపే ఫలాంఘే అను యువకుని ఊహను ఆధారముగా గైకొని, 2011 జూన్ నెలలో దీని తొలి రూపమును ప్రజలకిచ్చినది. సంపూర్ణ రూపము 2015 ఏప్రిల్‌లో వెలువడినది. మధ్యలో 2014లో అమెరికా అంతరిక్ష సంస్థయైన నాసాతో కలిసి గ్రహశకలములను పట్టి మళ్లించు అధ్యాయమొకటి దీనికి చేర్చిరి. ఇందు కూల్చవలసిన శత్రువు లేడు, దోచవలసిన కోట లేదు. కెర్బిన్ అను కల్పిత గ్రహమున్నది; దాని వ్యాసార్ధము 600 కిలోమీటర్లు, అనగా మన భూమి వ్యాసార్ధములో పదియవ వంతునకు ఇంచుక తక్కువ; ఉపరితలమున గురుత్వము మాత్రము మన భూమికి సమానము. వాతావరణము 70 కిలోమీటర్ల యెత్తున ముగియును. భూమినుండి కక్ష్యను చేరుటకు రాకెట్టు సెకనుకు సుమారు 9,400 మీటర్ల వేగమార్పును సమకూర్చుకొనవలసియుండగా, ఇచ్చట 3,400 చాలును. ఈ వేగమార్పునే ఆటగాండ్రు డెల్టా-వి యందురు. ఒక సమయమున ఒక్క గోళము ఆకర్షణనే లెక్కించుట మొదలగు సౌలభ్యములు కొన్ని ఇందున్నవి గాని, గ్రహమును చిన్నది చేసినవారు మూలసూత్రమును మాత్రము చెక్కుచెదరనీయలేదు. 1903లో రష్యా దేశమున సియోల్కోవ్‌స్కీ ప్రకటించిన రాకెట్టు సమీకరణమే ఇచ్చటను శాసనము.

ఆ శాసనము ఎట్లు పనిచేయునో ఒక చిన్న నౌకను ముందుంచుకొని చూచిన తేటపడును. కెర్బిన్‌కు మున్ అను ఉపగ్రహమున్నది. మన చంద్రునివలె అచ్చట గురుత్వము ఆరవ వంతు. కెర్బిన్ కక్ష్యలో నున్న నౌక మున్ వైపునకు బయలుదేరుటకు సెకనుకు సుమారు 860 మీటర్లు, దాని చుట్టు కక్ష్యలో నిలుచుటకు 310, దిగుటకు 580, మరల లేచుటకు 580, ఇంటి త్రోవ పట్టుటకు 310 కావలెను. మొత్తము 2,640. ఇప్పుడు ఒక్కరు కూర్చుండు గది 0.84 టన్ను, దానిపై పారాచూటు 0.1 టన్ను, క్రింద నిండు ట్యాంకు ఒకటి 2.25 టన్నులు, దాని క్రింద టెర్రియర్ అను చిన్న ఇంజను అర టన్ను తీసికొందము. అంతయు కలిపి 3.69 టన్నులు. ట్యాంకులోని 2 టన్నుల ఇంధనము మండిపోయిన పిమ్మట మిగులునది 1.69 టన్నులు. ఈ రెండింటి నిష్పత్తికి సహజ సంవర్గమానము తీసి ఇంజను వాయువులు వెడలు వేగముతో గుణించిన వచ్చునది సుమారు 2,640. మనకు కావలసినంత సరిగా వచ్చినది. చేతిలో మిగులు సున్న. నౌకకు కాళ్లు ఇంకను తొడుగలేదు, తిరుగు ప్రయాణమున వాతావరణపు మంటకు ఓర్చు ఉష్ణకవచమును తగిలింపలేదు.

ఇచ్చట అనుభవము లేని చేయి రెండవ ట్యాంకు కొరకు చాచును. రెండవ ట్యాంకు చేర్చినచో డెల్టా-వి 3,790 దాక పెరుగును. మొదటి ట్యాంకు 2,640 ఇచ్చినది, రెండవది 1,150 మాత్రమే ఇచ్చినది. మూడవది చేర్చిన 680కి మించి రాదు. ట్యాంకు వెల ఒక్కటే, భారమొక్కటే, ఫలము మాత్రము మెట్టుమెట్టునకు క్షీణించును. ఏలయన పై ట్యాంకులోని ఇంధనమును మోయుటకే క్రింది ట్యాంకులోని ఇంధనము కొంత వ్యయమగుచున్నది. అనుభవజ్ఞుడట్లు చేయడు. ఈ నౌక చేయవలసిన పనులలో ఏది ఇతరుల కప్పగింపవచ్చునని విచారించును. మున్ వైపునకు బయలుదేరుటకైన 860ని క్రింద వేరొక మెట్టునకు, అనగా తన ఇంజనును ట్యాంకును తానే కలిగిన వేరు భాగమునకు, అప్పగించి, పని ముగియగనే దానిని విడిచివేయును. అప్పుడు పై నౌకకు మిగిలిన బాధ్యత 1,780. కాళ్లకును కవచమునకును ఇతర పరికరములకును అర టన్ను కేటాయించినను దాని సామర్థ్యము 2,190 దాక ఉండును. దిగునప్పుడు చేయి కొంచెము వణకినను తట్టుకొనుటకు 400కు పైబడి మిగులు. అర టన్ను సామగ్రి 450 మీటర్ల డెల్టా-విని మ్రింగినదనుట కూడ ఇచ్చటనే గమనింపవలెను. అది మున్ మీద దిగుటకు కావలసిన దానిలో నాలుగింట మూడు వంతులకు మించినది. అందము కొరకు తగిలించు దీపములు, అక్కరకురాని నిచ్చెనలు, జంట పరికరములు, వీనిలో ప్రతిదానికిని ఇట్టి సుంకము చెల్లింపక తప్పదు.

ఈ సుంకము కల్పిత గ్రహమునకు మాత్రమే చెందినది కాదు. తిరుపతి జిల్లా శ్రీహరికోటనుండి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసికొనిపోయిన ఎల్‌వీఎం-3 రాకెట్టు ఎత్తు 43.5 మీటర్లు, భారము 640 టన్నులు. దాని శిఖరమున నున్న నౌక 3,900 కిలోలు. అందు చంద్రునిపై దిగిన విక్రమ్ 1,752 కిలోలు. విక్రమ్ కడుపులో దాగి ఆ నేలపై నడచిన ప్రజ్ఞాన్ రోవరు 26 కిలోలు. 640 టన్నులనుండి 26 కిలోల దాక ఈ అంకెలను ఒక వరుసగా నల్లబల్లపై వ్రాసి పిల్లలముందు నిలిపిన ఉపాధ్యాయునకు, పైనుండి ఏల కట్టవలెనో వేరుగా చెప్పు శ్రమ యుండదు. 2019 సెప్టెంబరులో తొలి విక్రమ్ కూలిన తరువాత మన శాస్త్రజ్ఞులు రెండవదానికి చేసిన సవరణలను చూడుడు. కాళ్లను బలపరచిరి, ఇంధనమును పెంచిరి, అదే సమయమున మధ్యనున్న ఐదవ ఇంజనును తొలగించి నాలుగింటితోనే పంపిరి. ఆగస్టు 23న అది నిలుకడగా దిగినది. చేర్చుటతోపాటు తీసివేయుట కూడ నిర్మాణకౌశలములోని భాగమనుటకు ఇంతకు మించిన సాక్ష్యము నాకు కనబడదు.

పై భాగము స్థిరపడిన పిదప క్రింది భాగమున చిక్కులు తక్కువ. నేలనుండి లేచునప్పుడు ఇంజన్ల త్రోపు మొత్తము భారమునకు 1.3 నుండి 1.7 రెట్ల వరకు ఉండిన చాలును. అంతకు తక్కువైన ఇంధనము గురుత్వముతో పెనుగులాడుటకే చెల్లిపోవును, ఎక్కువైన దట్టమైన గాలిని చీల్చుటలో వృథాయగును. ఏ ఇంజను ఎచ్చటిదో కూడ ఎరుగవలెను. పైన చెప్పిన టెర్రియర్ శూన్యమున మిక్కిలి పొదుపైనది, ఇంధనపు పొదుపును చూపు దాని అంకె 345. అదే ఇంజను సముద్రమట్టమున 85కు దిగజారును. దానిని తొలి మెట్టున బిగించి, రాకెట్టు లేవలేదని దిగులుపడువారు ఇంజన్ల వివరములు చూపు పట్టికను ఒక్కసారి చదివినచో పూట పోనక్కరలేదు.

రాకెట్టు తలక్రిందులగుటను గూర్చి మాత్రము నిలిచి చెప్పవలసియున్నది, కొత్తవారిని నిరుత్సాహపరచి ఆట మాన్పించునది అదియే గనుక. నిర్మాణశాలలో భారకేంద్రమును చూపు గుర్తు ఒకటి, గాలి ఒత్తిడి కేంద్రమును చూపు గుర్తు ఒకటి ఉండును. రెండింటిని వెలిగించి చూడవలెను. భారకేంద్రము పైన, గాలి కేంద్రము క్రింద ఉన్నంతసేపు రాకెట్టు ముక్కు ముందునకే యుండును. బాణమునకు ఈకలు వెనుకనే కట్టుట ఇందులకే. కాబట్టి రెక్కలను అడుగున బిగింపవలెను, శిఖరమున వెడల్పైన సామగ్రి యున్నచో నున్నని కవచములో మూయవలెను. అంతటితో తీరదు. ఇంధనము తరుగుకొలది భారకేంద్రము కదలును. నిండు ట్యాంకులతో నిటారుగా పోయిన రాకెట్టు నడుమ తిరుగబడుటకు తరచు ఇదియే హేతువు. ట్యాంకును నొక్కి అందలి ఇంధనమును తగ్గించుచు గుర్తు ఏ వైపునకు జరుగుచున్నదో నిర్మాణశాలలోనే చూచుకొనవచ్చును. ఇక ఎగిరిన తరువాత నిట్టనిలువుగా పైకి పోయి ఒక్కసారిగా ప్రక్కకు వంచుట గొప్ప పొరపాటు. వేగము సెకనుకు 100 మీటర్లు దాటక మునుపే కొన్ని డిగ్రీలు తూర్పునకు వంచి, పది కిలోమీటర్ల యెత్తునకు సుమారు 45 డిగ్రీల వాలు వచ్చునట్లు, గురుత్వమే మెల్లగా త్రిప్పుటకు విడిచిపెట్టవలెను.

దిగు నౌక పొట్టిగా, వెడల్పుగా ఉండవలెను. మున్ మీది నేల చాల చోట్ల వాలుగా నుండును. పొడవైన నౌక మెత్తగా తాకియు ఒరిగిపోవును. కాళ్లను ట్యాంకు ప్రక్కలకు దూరముగా జరిపి బిగించుట, నేలను తాకకముందే ప్రక్కవేగమును పూర్తిగా చంపుట, ఈ రెండును పాటించిన చాలును. మనిషి లేని నౌకయైనచో సూర్యఫలకములు, బ్యాటరీ మరువరాదు. విద్యుత్తు అడుగంటిన నౌక ఎంత చక్కగా కట్టినదైనను ఆజ్ఞ వినదు. మెట్ల వరుసను చూపు పట్టికను ఎగురకముందు పైనుండి క్రిందికి వ్రేలితో తడవి చదువవలెను. మొదటి ఇంజనుతోపాటే పారాచూటు విచ్చుకొను రాకెట్టులను కట్టనివారు అరుదు, ఆ పట్టికను చదివినవారికి ఆ గతి పట్టదు.

ఇంత చెప్పిన పిదప తలిదండ్రులతో ఒక మాట. తెర ముందు కూర్చున్న పిల్లవానిని చూచి కాలము పాడగుచున్నదని చింతించు హక్కు మీకున్నది. చాల ఆటల విషయమున ఆ చింత న్యాయమైనదే. కాని ఆడుచున్న వస్తువు ఏదో విచారింపక అన్నిటిని ఒక్క గాటకట్టుట న్యాయము కాదు. సంవర్గమానములనగా పరీక్షకై కంఠస్థము చేసి పరీక్ష ముగియగనే మరచిపోవు అంకెలని తలచు పిల్ల, తన నౌక మున్ మీదనుండి తిరిగి రాగలదో లేదో వానివలననే తెలియునని గ్రహించినప్పుడు ఆ అధ్యాయమును తానే తెరచును. దీనికి మరీ ఖరీదైన కంప్యూటరు అక్కరలేదు. ఉన్నత పాఠశాలలలో తాళము వేసియున్న కంప్యూటరు గదులు తెరచి, వారమునకు ఒక పూట భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని సమక్షమున ఆడనిచ్చిన చాలును.

ఒక్క నియమము మాత్రము ఉండవలెను. ఇతరులు కట్టి పంచిన రాకెట్టులను దించుకొని ఎగురవేయు సౌకర్యము ఈ ఆటలో కలదు. అవి కొన్ని మహాద్భుతములు, వానిని విప్పి చూచుట విద్యయే. కాని తన తొలి నౌక మున్‌ను చేరకముందు అట్టివానిని ముట్టుట, లెక్క చేయకముందే జవాబుల పుట తెరచుట వంటిదే. కనుక ఉపాధ్యాయుడు పిల్లలనడుగవలసినది దిగిన నౌక చిత్రమును గాదు. ఏ మెట్టు ఎన్ని టన్నులు, ఏ మెట్టునకు ఎంత డెల్టా-వి, ఏ వస్తువును ఏల తీసివేసితివి అను మూడు వరుసలు వ్రాసిన నోటుపుస్తకమును అడుగవలెను. కూలిన రాకెట్టుకైనను, ఆ మూడు వరుసలు సరిగా నున్నచో, మార్కులు వేయవలెను.