ఏడో తరగతి చేతికి చాకు

మిర్చి సీజన్‌లో ఎనుమాముల యార్డులో జెండా పాట కన్నా ముందు మొదలయ్యేది చాకు పని. బస్తా మూతికి వేసిన సుతిలి కుట్టు కోయాలి. గుప్పెడు కాయ తీసి రంగు చూడాలి, విరిచి తేమ చూడాలి. ముప్పై ఏళ్లుగా అడ్తి దుకాణంలో గుమాస్తాను. నా అంగీ జేబులో పెన్ను లేని రోజు ఉందేమో గానీ చాకు లేని రోజు లేదు.

ఆసియాలో రెండో పెద్ద మార్కెట్టని పేరు పడ్డ ఈ యార్డులో హమాలీలు, దడ్వాయిలు, చాట కూలీలు వాడే చాకులు చూస్తే జాలేస్తుంది. ప్లాస్టిక్ పిడి. చెమట పట్టిన చేతిలో జారుతుంది. సీజన్ సగంలో పగులుతుంది. పగిలిన చోట సుతిలి చుట్టి ఇంకో నెల లాగుతారు, తర్వాత గోడ అవతల పడేస్తారు. బ్లేడుకు ఏమీ కాదు. పోయేది ఎప్పుడూ పిడే.

నాలుగేళ్ల కింద మా అల్లుడు ఆన్‌లైన్‌లో ఒక పొట్లం తెప్పించి ఇచ్చాడు. మడత చాకు విడిభాగాలు. మూడంగుళాల బ్లేడు, వెనక స్ప్రింగు పట్టీ, రెండు ఇత్తడి రేకులు, బ్లేడు తిరగడానికి ఒక పిన్ను, వాషర్లు, కొన్ని ఇత్తడి కడ్డీ ముక్కలు. పిడి చెక్కలు లేవు, అవి మనమే చేసుకోవాలి. ధర 640 రూపాయలు. "పిడి లేని చాకుకు ఇన్ని పైసలా? సంతలో పిడి ఉన్నదే యాభైకి ఇస్తరు" అన్నది మా ఆమె. లెక్కకు ఆమె మాటే నిజం.

మొదటి పిడి తుమ్మ కర్రతో చేశాను. మా ఇంటి వెనక కొట్టేసిన చెట్టు, కోసి నెల కూడా కాలేదు. రంపంతో రెండు బద్దలు తీసి, అద్దం పలక మీద గరుకు కాగితం పరిచి వాటిని చదును చేశాను. ఇత్తడి రేకునే అచ్చుగా పెట్టి చేతి బర్మాతో రంధ్రాలు వేసి, అరాల్డైట్‌తో అతికించి, కడ్డీ ముక్కలు దూర్చి, రెండు వైపులా సుత్తెతో తల కొట్టాను. ఆకురాయితో రాసి అవిసె నూనె పట్టిస్తే కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. ఫిబ్రవరిలో యార్డంతా తిప్పి చూపించాను. ఏప్రిల్ ఎండలకు కర్ర ముడుచుకుపోయింది. రేకు అంచు వెంట్రుక మందం బయటికి వచ్చి బ్లేడు కన్నా పదునుగా తయారైంది. అరచేయి తెగింది. చాకు చేసే మనిషిని చాకు పిడే కోసిందని హమాలీలు వారం రోజులు నవ్వారు.

ఆ ఊరేగింపు తర్వాత మా వీధిలో వడ్రంగి పని చేసే వడ్లాయన దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆయన నా పిడిని గోటితో గీకి, "ఇది ఇంకా చెట్టే అన్నా, కర్ర కాలేదు" అన్నాడు. ఇరవై ఏళ్లు ఎండిన ముక్క కావాలంటే అడవికి పోనక్కర్లేదని కూడా ఆయనే చెప్పాడు. విరిగిన సండ్ర రోకలి, మూలకు పడ్డ నాగలి, ఎడ్లబండి గీర ఆకు, ఇవన్నీ మన ఊళ్లలో పొయ్యిలోకి పోతున్న మొదటి రకం పిడి చెక్కలు. చింత చేవ ఉంది. తునికి చేవ ఉంది, నల్లగా, రాయిలా. బీడీ ఆకు కోసం అందరికీ తెలిసిన ఆ తునికి, ప్రపంచం ఎబొనీ అని మోజు పడే నల్ల కర్రల కుటుంబంలోదే. ఎబొనీ ఆకులో పొగాకు చుట్టి తాగే దొరలం మనం, చేతిలో మాత్రం ప్లాస్టిక్ పిడి.

ఇదంతా ఒక ముసలి గుమాస్తా సరదాగా ఉండిపోయేదే, మా మనవరాలు లేకపోతే. ఏడో తరగతి. పోయిన వేసవిలో తనకూ ఒకటి కావాలని పట్టుబట్టింది. పిడికి ఏ కర్ర అంటే వాళ్ల అన్న విరగ్గొట్టిన క్రికెట్ బ్యాటు తెచ్చింది. బ్యాటు చెక్క మెత్తన, పిడికి పనికిరాదని నాకు తెలుసు. చెప్పలేదు. బ్లేడుకు మందపాటి టేపు చుట్టి ఇచ్చి, పక్కన కూర్చున్నాను. నాలుగు రోజులు చేసింది. వారానికి పిడి మీద గోటి గాట్లు పడ్డాయి, పిన్నుల చుట్టూ చెక్క నలిగింది. "తాతా, నీకు ముందే తెలుసు కదా" అని కోప్పడింది. రెండోసారి తునికి ముక్క ఎంచుకున్నది తనే. కర్ర ఈనె ఎటు పోతుందో చూసి, పొడవునా కోసింది. బర్మా అదిమితే అవతలి వైపు చెక్క చిట్లుతుందని కింద ఇంకో చెక్క పెట్టింది. ఈ ఉపాయం నేను చెప్పలేదు.

ఆ పిల్ల చేతివేళ్లు నేర్చుకున్నది చూసి నాకు ఆశ పుట్టింది. దగ్గర్లోని ఒక బడికి పోయి, ఏడో తరగతి పిల్లలకు ఆదివారాలు ఈ పని నేర్పుతాను, పైసా అక్కర్లేదు అన్నాను. పెద్ద సారు మర్యాదగానే టీ తాగించాడు. "కత్తులా అండీ? రేపు ఎవడో ఎవణ్నో గీరితే పేపర్ల ఫొటో నాది వస్తది" అన్నాడు.

ఆయన భయం అబద్ధమని అనను. హిందీ సినిమాల రామ్‌పురి మనందరి బుర్రల్లో దిగి ఉంది, చాకు మాట వింటే విలనే గుర్తొస్తాడు. కానీ చట్టం కూడా పనిముట్టుకూ ఆయుధానికీ తేడా చూస్తుంది. ఆయుధాల నియమాలు లెక్కలోకి తీసుకున్నది 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న కత్తులను. ఇంటికి, సాగుకు, పరిశ్రమకు చేసినవాటిని అందులోంచి మినహాయించాయి. మూడంగుళాల చాకు మనం ఉల్లిగడ్డ కోసే కత్తి కన్నా చిన్నది. పైగా నేనడిగింది పదును చేతికివ్వమని కాదు. బ్లేడు మొద్దుగానే ఉంటుంది, పిడి పూర్తయ్యేదాకా టేపు విప్పేది లేదు. చివరి సాన పెద్దవాళ్లే పడతారు. తయారైన చాకు పిల్ల సంచిలో కాదు, తల్లి చేతిలో పెట్టి పంపుతారు.

స్వీడన్‌లో ఒట్టో సాలొమన్ అనే ఆయన 1870ల్లోనే నేస్ అనే చోట టీచర్లకు చెక్కపని నేర్పడం మొదలుపెట్టాడు. ఆ పద్ధతిలో పిల్లల చేతికి ముందుగా ఇచ్చే పనిముట్టు చాకే. అక్కడి బడుల్లో చేతిపని ఇప్పటికీ తప్పనిసరి పాఠం. ఫ్రాన్స్‌లో సవాయ్ కొండల్లో జోసెఫ్ ఒపినెల్ 1890లో చేసిన మడత చాకుకు నేటికీ బీచ్ కర్ర పిడి వేస్తున్నారు. మన దగ్గర గాంధీ 1937 అక్టోబరులో వార్ధాలో చేతిపనితో చదువు అన్నాడు. మనం రాట్నాన్ని ఫొటోలో పెట్టుకుని చదువును పుస్తకంలో పెట్టుకున్నాం.

గాంధీ పేరెత్తితే, బ్లేడు బయటి నుంచి వస్తే ఇక స్వదేశీ ఎక్కడిదని మా దుకాణానికి వచ్చే ఒక పంతులు గారు వాదించారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం సంగతి ఆయనకు చెప్పాను. అక్కడి కొలిముల్లో తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. వాయిసీ అనే ఇంగ్లిషు భూగర్భ పరిశీలకుడు ఆ తయారీని చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. పేరు పడ్డ డమాస్కస్ కత్తుల వెనక ఇలాంటి దక్కన్ ఉక్కు ఉంది. మనవాళ్లు అమ్మింది కత్తి కాదు, ఉక్కు ముద్ద. దాన్ని సాగగొట్టి కత్తి చేసింది అవతలి దేశపు చేతులు. సగం చేసిన వస్తువు ఊళ్లు దాటి పోవడం, ఇంకొకరు దాన్ని పూర్తి చేయడం అప్పుడూ ఉన్నదే. అప్పుడు మనం మొదటి సగం చేశాం. ఇప్పుడు రెండో సగం చేద్దామంటున్నాను. ఇందులో చిన్నతనం నాకు కనబడదు.

కోపం వచ్చేది వేరే దగ్గర. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర పని నేర్పాలని రాసుకున్నారు. రాసింది మంచి మాట. ఆ పది రోజులను ఎగ్జిబిషన్ చార్టులతో, డ్యాన్సులతో నింపితే మాత్రం పిల్లల చేతికి మిగిలేది గమ్ము మరకే. మా వడ్లాయనకు పిల్లల్లో ఒక్కరూ ఈ పనిలోకి రాలేదు. రందా పట్టే మనిషి ఆయన తర్వాత మా వీధిలో లేడు.

హెడ్మాస్టర్లకు, తల్లిదండ్రులకు నేనడిగేది చాలా చిన్నది. ఆ పది రోజుల్లో ఒక్క రెండు రోజులు మీ ఊరి వడ్లాయనను బడికి పిలవండి. శాలువా కప్పి పంపకండి, రోజు కూలి కట్టివ్వండి. పిల్లలను ఇంటి నుంచి ఒక విరిగిన రోకలి ముక్క తెమ్మనండి. కత్తి అంటే భయమైతే మొదటి ఏడు చాకు వద్దు, కొడవలికి పిడి వేయించండి, గరిటెకు వేయించండి. ఎనుమాముల చుట్టుపక్కల బడులెవరైనా పిలిస్తే నా బర్మా, ఆకురాళ్లు తీసుకుని నేనూ వస్తాను. మిర్చి సీజన్‌లో మాత్రం ఆదివారమే కుదురుతుంది.