జాబితా ఎవరి చేతిలో ఉండవలెను?

ఆర్.ఎమ్.ఎస్. బోగీలో నిలబడి ఉత్తరాలు సార్టింగు చేసిన మన సోదరులు చిరునామా చూచి సంచిలో వేశారే గాని, అది చేరదగినదా కాదా అని తీర్పు చెప్పడం వారి పని కాదు. నేటి ఈ-మెయిల్ వ్యవస్థలో ఆ తీర్పును స్పామ్ ఫిల్టర్ అనే యంత్రం చెబుతున్నది. పంపినవారి చిరునామాను, లోపలి విషయాన్ని పరిశీలించి, అనుమానం కలిగినదానిని పక్కన పడవేస్తున్నది.

ఈ కాపలా అనవసరమని మేము అనడం లేదు. 1982లో రూపొందిన మెయిల్ పంపిణీ నియమావళిలో, పంపినవాడు నిజంగా ఆ చిరునామా గలవాడేనా అని తనిఖీ చేసే ఏర్పాటు లేదు. మోసగాళ్లకు అదే దారి అయినది. పార్సెలు అందలేదనీ, చిరునామా సరిచేయమనీ తపాలా శాఖ పేరుతోనే బూటకపు సందేశాలు వచ్చినవి. అయితే ఒకేసారి వందలాది మందికి వెళ్లే యూనియన్ సర్క్యులర్ కూడా యంత్రం కంటికి ఒక్కొక్కప్పుడు అదే రకంగా కనబడుతుంది. జీమెయిల్ స్పామ్ పెట్టెలోని ఉత్తరం 30 దినాల తరువాత తనంతట తానే తొలగిపోతుంది. శిక్ష ఉత్తర్వుపై అప్పీలుకు రైల్వే, తపాలా ఉద్యోగుల నియమావళులు రెండింటిలోనూ గడువు 45 దినాలు. అప్పీలు విషయమై సంఘం పంపిన సలహా ఆ పెట్టెలోనే మగ్గి మాయమైనచో, గడువు ముగియకముందే నష్టపోయేది ఉద్యోగియే.

కావున ప్రతి సభ్యుడూ తన పెట్టె తాళంచెవి తానే పట్టవలసి ఉన్నది. బ్రాంచి కార్యదర్శి, డివిజన్ కార్యాలయం, పెన్షన్ ఇచ్చే బ్యాంకు, వీరి చిరునామాలను అనుమతించిన వారి జాబితాలో చేర్చవలెను. పైన కనబడే పేరును కాక, చిరునామాలోని ప్రతి అక్షరాన్నీ చూచి చేర్చవలెను. ఒక ఉచిత మెయిల్ సంస్థ చిరునామాలన్నింటినీ మూకుమ్మడిగా అనుమతించడం, గేట్‌మన్ గేటు తెరచిపెట్టి నిద్రించడం వంటిదే. నిషేధిత జాబితాకూ పరిమితి ఉన్నది. మోసగాడు రేపు మరో చిరునామాతో వస్తాడు. అందుచేత నిషేధించి ఊరకుండక, స్పామ్ అని రిపోర్టు చేయవలెను. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను. వారానికొకసారి స్పామ్ పెట్టెను తిరగవేయడం అలవాటు కావలెను.

సంఘాలకూ బాధ్యత ఉన్నది. పెద్దసంఖ్యలో మెయిళ్లు పంపేవారు తమ చిరునామాను సాంకేతికంగా ధ్రువీకరించుకోవాలనీ, వద్దన్నవారిని సులభంగా తప్పుకోనివ్వాలనీ గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుండి షరతు విధించినవి. మన కార్యాలయాలు దీనిని పాటించుట ఉచితం.

కాని కార్యాలయపు సర్వర్‌లోని జాబితా ఉద్యోగి చేతిలో ఉండదు, యాజమాన్యం చేతిలో ఉంటుంది. అమెరికాలో ఇంటెల్ మాజీ ఉద్యోగి కెన్ హమీది, ఆ సంస్థ విధానాలను విమర్శిస్తూ వేలాది ఉద్యోగులకు మెయిళ్లు పంపాడు. వద్దన్నవారికి మానివేశాడు. సంస్థ ఆ మెయిళ్లను అడ్డగించజూచి, చివరకు కోర్టుకెక్కినది. కంప్యూటర్లకు నష్టంగాని, వాటి పనికి ఆటంకంగాని కలుగలేదని 2003లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు హమీది పక్షాన తీర్పు చెప్పినది. ఆ తీర్పు మన దేశంలో చెల్లకపోవచ్చు. అందులోని ప్రశ్న మాత్రం మనదే.

కార్యాలయ సర్వర్లలో ఏయే చిరునామాలు, ఎవరి ఉత్తర్వుపై, ఏ కారణంతో నిషేధించబడినవో సంఘాలకు లిఖితపూర్వకంగా తెలుపవలెనని కోరుదాం. దొంగను ఆపే గేటు మనకు కావలెను. తోటి కార్మికుని మాటను ఆపే గేటు మనకు వద్దు. ఉత్తరం వద్దనే హక్కు దానిని అందుకొనేవానిదే.