కుక్క బొంత, పిల్లి పరుపు

1689లో సూరత్‌కు ప్రయాణమైన జాన్ ఓవింగ్టన్ అనే ఆంగ్ల మతాచార్యుడు, ఆ నగరపు వింతలను వర్ణిస్తూ రెండు ఆసుపత్రులను పేర్కొన్నాడు. ఒకటి ఆవులకు, గుర్రాలకు, మేకలకు, కుక్కలకు. రెండవది నల్లులకు, ఇతర నెత్తురు పీల్చే పురుగులకు! వాటి ఆకలి తీర్చేందుకు అప్పుడప్పుడు ఒక పేదవానికి కూలి ఇచ్చి, రాత్రంతా మంచం మీద పడుకోబెట్టేవారని 1696లో అచ్చయిన తన గ్రంథంలో ఆయన రాశాడు. తరువాతి శతాబ్దంలో జేమ్స్ ఫోర్బ్స్ కూడా ఇటువంటి వృత్తాంతాన్నే చెప్పాడు.

నాడు ఆ పేదవాడు కూలికి చేసిన పనిని నేడు ఎన్నో ఇళ్లలో కుక్కలు, పిల్లులు జీతం లేకుండానే చేస్తున్నాయి. జంతువుకు వారం వారం స్నానం చేయించే గృహస్థులు కూడా, అది పడుకునే బొంతను నెలల తరబడి ఉతకరు. అసలు కర్మాగారం ఆ బొంతలోనే ఉంటుంది.

రెక్కలు లేకపోయినా చెంగున ఎగిరిపడే ఈ పురుగు పేరు ఫ్లీ. పిడుదులను, వీటిని కలిపి గోమార్లనడం చాలాచోట్ల వాడుక. ఆడపురుగు జంతువు ఒంటిమీదనే ఉండి రోజుకు సుమారు 40 గుడ్లు పెట్టగలదు. నున్నని ఆ గుడ్లు వెంట్రుకలకు అంటుకోవు; జంతువు పడుకున్నచోట రాలిపోతాయి. కొద్ది రోజులలో పిల్లపురుగులు బయటికి వచ్చి, పెద్ద పురుగుల విసర్జనలోని ఎండిన నెత్తురు తిని పెరిగి, పట్టుపురుగు వలె గూడు అల్లుకుంటాయి. గూటిలోని పురుగు వెచ్చదనమో, అడుగుల కదలికో సోకే వరకు నెలల కొద్దీ వేచి ఉండగలదు. అందుచేతనే కొన్నాళ్లు తాళం వేసిన ఇంటిలో అడుగుపెట్టగానే పురుగులు ఒక్కసారిగా కాళ్లకు పట్టుకుంటాయి.

సూరత్ పేరు వినగానే 1994 సెప్టెంబరు నాటి ప్లేగు భయం పలువురికి గుర్తుకు వస్తుంది. ఎలుకల నుంచి ప్లేగును చేరవేసేది ఫ్లీయేనని 1898లో కరాచీలో ప్రయోగం చేసి చూపినవాడు పాల్ లూయీ సిమోన్. అయితే అది ప్రధానంగా ఎలుకలను ఆశ్రయించే జాతి. ఇంటి పిల్లి మీద, కుక్క మీద సాధారణంగా కనిపించే జాతి వేరు కనుక, బొంతలో ఒక పురుగు కనబడగానే హడలిపోనక్కరలేదు. కాని దానివల్ల కీడు లేదనీ కాదు. దాని కాటు పడని జంతువులు తోలు ఊడేలా గోక్కుంటాయి. జంతువుతో ఆడుకునే పసిపిల్లలు పొరపాటున ఆ పురుగును మింగితే ఒక రకం బద్దెపురుగు వారి కడుపులో చేరుతుంది.

ఉతకడం బొంతను ఎత్తడంతోనే మొదలవుతుంది. గదిలో దులిపితే గుడ్లు నేలంతా చెల్లాచెదురవుతాయి. నాలుగు అంచులూ లోపలికి మడిచి, మూటగా బయటికి తీసుకుపోవాలి. తడపకముందే బ్రష్షుతో వెంట్రుకలు తీయాలి. తడిస్తే అవి ముద్దకట్టి యంత్రపు గొట్టానికి అడ్డుపడతాయి. మూత్రపు మరక ఉంటే ముందు చన్నీటితో కడగాలి. దాని మీద బ్లీచింగు ద్రావకం పోయడం ప్రమాదం. మూత్రంలోని అమ్మోనియాతో కలిసి ఊపిరికి హాని చేసే వాయువు పుడుతుంది.

60 డిగ్రీల వేడినీటిలో సబ్బుతో ఉతికితే పురుగులు, గుడ్లు చస్తాయి. చాకిరేవులో బట్టలను బానల మీద ఆవిరి పట్టించిన పాత పద్ధతిలోని సుగుణం ఈ వేడే. పాతచీరలతో కుట్టిన నూలు బొంత దీనికి చక్కగా తట్టుకుంటుంది. సూరత్ మగ్గాలపై విరివిగా నేసే పాలియెస్టర్ త్వరగా ఆరుతుంది గాని, జంతువు ఒంటి జిడ్డును, వాసనను పట్టి ఉంచుతుంది. మరీ వేడి ఇస్త్రీకి కరిగిపోతుంది. కనుక లోపలి నింపుడు ఏదైనా, పైన విప్పదగిన నూలు గలీబు ఉండటం మేలు. రెండు గలీబులుంటే ఒకటి ఉతుకులో, ఒకటి వాడుకలో ఉంటాయి.

సబ్బు మిగలకుండా జాడించడం అవసరం, ఎందుకంటే జంతువు తన ఒంటికి అంటినదంతా నాకుతుంది. పిల్లి ఉన్న ఇంటిలో ఈ మాట ప్రాణాలకు సంబంధించినది. ఫినాయిల్ వంటి మందులలోని ఫినాల్ జాతి పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విరిచివేయలేదు. శుభ్రత కోసమని ఆ నీటిలో ముంచి ఆరేసిన పరుపే దానికి విషం కావచ్చు. కుక్కల కోసం అమ్మే, పెర్మెత్రిన్ కలిసిన పొడిని పిల్లి పడుకునే చోట చల్లరాదు. కలరా ఉండలు రెండింటికీ చెరుపే.

మార్చి నుంచి మే వరకు సూరత్ ఎండ సగం పని తానే చేసిపెడుతుంది. ఎండకు, పొడిగాలికి పిల్లపురుగులు బతకవు. చిక్కు వానాకాలంలో వస్తుంది. గాలిలోని తేమ వాటికి అమృతం. అప్పుడు నింపుడు సైతం పూర్తిగా ఆరేవరకు పంకా కింద ఉంచాలి, నూలు గలీబు కుట్లను వేడి ఇస్త్రీతో నొక్కాలి. గూళ్లలోని పురుగులు ఆలస్యంగా బయటపడతాయి కనుక, ఒక ఉతుకుతో సంతృప్తి చెందక నెల రెండు నెలలపాటు వారం వారం ఉతకాలి. నేల పగుళ్లను ఊడ్చాలి, జంతువుకు పశువైద్యుడు చెప్పిన మందు వాడాలి. పిడుదుల సంగతి వేరు. అవి గోడ బీటలలో గుడ్లు పెడతాయి. ఎంత ఉతికినా లొంగవు.

పురుగును చంపడానికి మనసొప్పని జైన కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. వారం వారం ఉతికే ఇంటిలో పురుగు పుట్టే అవకాశమే తక్కువ కనుక, వారికి కూడా ఈ పద్ధతే అనుకూలం.

ఉతికిన పరుపు మీద కొన్ని పిల్లులు పడుకోవు. తమ వాసన పోయిందని అలుగుతాయి. పురుగుల బెడద లేనప్పుడు, అది వాడిన చిన్న తువ్వాలును ఉతకకుండా ఆ పరుపు మీద ఒకటి రెండు రోజులు వేసి ఉంచితే చాలు.