అడవి యంచున వైద్యవిద్య

కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. ఖమ్మమున మమత వైద్యకళాశాల 1998 నుండియే నడచుచున్నది. ఒకప్పుడు డాక్టరు చదువునకై వరంగల్లునకో, హైదరాబాదునకో పోవలసిన మన పిల్లలకు కళాశాలలు ముంగిటికి వచ్చుట సంతోషింపదగినదే. కాని కళాశాలలు అడవి యంచునకు వచ్చినను, వానిలోని చదువు మాత్ర మింకను పట్టణము విడిచి రాలేదేమో యని మాకు సందేహము.

ఒక యుదాహరణము చూడుడు. చర్ల కవతలి గూడెమునుండి యొక కోయ స్త్రీ చలిజ్వరముతో వచ్చినదనుకొందము. పరీక్షలో వైవాక్స్ మలేరియా తేలినది. ఈ క్రిమి కాలేయమున దాగి, కొన్ని వారములకో నెలలకో మరల తలయెత్తును. కావున జ్వరము విడిచినను ప్రిమాక్విన్ మాత్రలు పదునాలుగు దినములు మ్రింగవలెను. జీ6పీడీ యను ఎంజైము కొరవడినవారికి ఆ మందే రక్తకణములను విరుగగొట్టును. గర్భిణికి దాని నీయరాదు. ఇదంతయు విద్యార్థికి కంఠస్థమే. ఆమె మూడవనాడు జ్వరము తగ్గగనే, మిరపకోతల కూలి పోవునని మాత్రలు మాని, నెల తరువాత మరల వణకుచు వచ్చినచో నత డేమి వ్రాయును? 'రోగి చెప్పినట్లు నడువలేదు' అని. చెప్పినది తెలుగున, ఆమెకు వచ్చినది కోయభాష. మరల రమ్మన్నది వారము దినములకు. గూడెమునుండి బస్సుదారికే యొక పూట నడక. ఆ మిరపతోట మన పాఠకులలో నొకరిదే కావచ్చును.

సికిల్ సెల్ వ్యాధియు నిట్టిదే. ఎముకలలో నొప్పి యని వచ్చిన గిరిజన బాలునకు నొప్పిమాత్ర లిచ్చి పంపుట సులభము. రక్తము పరీక్షింపవలెనని తోచుట చదువు. ఈ వ్యాధిని 2047 నాటికి రూపుమాపుదుమని కేంద్రప్రభుత్వము 2023 జులై 1న జాతీయోద్యమము నారంభించినది. ఎదుట కూర్చున్న వైద్యునకు స్ఫురింపనిది ఢిల్లీలో నిశ్చయించిన మాత్రమున నయమగునా?

మార్గములు వేయుట, కూలి పెంచుట వైద్యుని పనియా యని కొంద రడుగుదురు. కాదు. కాని ఎంత దూరమునుండి వచ్చితివి, డోలీపై మోసినవారెవరు, ఇంట వంట యెవరు చేయుదురు అని యడుగుట అతని పనియే. ఆ గూడెపు ఆశా కార్యకర్తకు కబురంపుట, కోయభాష తెలిసినవారిచేత మందు విధము చెప్పించుట అతని పనియే. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్ అలజడులవలన వలసవచ్చిన గుత్తికోయలకు తెలంగాణమున షెడ్యూల్డు తెగల గుర్తింపు లేదు. ఏ కాగితము లేక రోగి వెనుదిరుగునో యెరుగని వైద్యుడు వ్రాసిన పెద్దాసుపత్రి చీటీ వట్టి కాగితమే.

ఈ సంగతి పెద్దలెరుగనిది కాదు. ప్రతి వైద్యుడును సాంఘికవైద్యుడు కావలెనని, అందులకు మూడు నెలల శిక్షణ మీయవలెనని భోర్ సంఘము 1946లోనే చెప్పినది. విద్యార్థులను పల్లెలకు మరల్చుటకు 1977లో వేరొక పథకము వచ్చినది. వైఖరి, నీతి, సంభాషణ యను పాఠములు 2019లో చేరినవి. విద్యార్థి కొన్ని కుటుంబములను దత్తత గొనవలెనను నియమము 2022లో వచ్చినది. నివేదికలకు మన దేశమున నెన్నడును కరవు లేదు! ఆ దత్తత కుటుంబములు కళాశాల బస్సు నిలుచు తావుననే దొరకిపోవునేమో యనునదే మా భయము.

అవి దుమ్ముగూడెము, చర్ల, గుండాల మండలముల గూడెములలో నుండవలెను. భద్రాచలము ఆసుపత్రికి మన ఏజెన్సీవారేగాక ఛత్తీస్‌గఢ్ వారును, 2014లో ఆంధ్రప్రదేశమున కలిసిన కూనవరము, చింతూరు ప్రాంతములవారును వచ్చుచుందురు. విద్యార్థులు కొంతకాల మచ్చటనే యుండి, గురువుల యెదుట రోగుల నడిగి నేర్వవలెను. నూరు కోయమాటలైన రానివానిని అచ్చటినుండి పంపరాదు. మార్కులు లేని విషయమును మన విద్యార్థి చదువడు. ఇది యతని తప్పు కాదు, మన పరీక్షల మహిమ. కావున రాబోవు ప్రాక్టికల్ పరీక్షలో గుండెచప్పుడు వినిపించుకొన్న పిమ్మట పరీక్షాధికారి యింకొక ప్రశ్న వేయవలెను: ఈ రోగి ఇంటికెట్లు పోవును, మాత్రలు ముగియువరకు ఏమి తినును?